వేల ప్రదర్శనలు, వేల ఎపిసోడ్లు: రంగస్థలం, బుల్లితెర రెండింటా పనిచేసిన నటుడి జీవితాన్ని ఎలా లెక్కగట్టాలి?

ఒక సీనియర్ నటుడు కన్నుమూసిన మర్నాడు పత్రికలు తిరగేస్తే ఆయనకు రెండు వేర్వేరు జీవితాలు కనిపిస్తాయి. ఒక శీర్షికలో ఆయన ‘ప్రముఖ సీరియల్ నటుడు’, మరొక శీర్షికలో ‘రంగస్థల దిగ్గజం’. ఒకచోట 3,000 ప్రదర్శనలంటారు, ఇంకోచోట 2,000 ఎపిసోడ్లంటారు. ఆయన్ను రోజూ రాత్రి ఇంటి పెద్దగా తెరమీద చూసినవారికి నాటకాల సంగతి తెలియదు. నాటక పోటీలు జరిపే పరిషత్తుల్లో ముందు వరుసలో కూర్చుని చూసినవారు సీరియల్ ఊసెత్తితే ముఖం పక్కకు తిప్పుకుంటారు. నిజానికి ఆ రెండు అంకెలూ పోల్చదగినవి కావు. ఒకటి గజాలతో కొలిచింది, మరొకటి శేర్లతో కొలిచింది. తెలుగునాట నాటకం నుంచి టీవీకి వచ్చిన నటుడి వృత్తి జీవితం అర్థం కావాలంటే ముందు ఈ కొలతలేమిటో తెలియాలి.

‘రంగస్థల నటుడు’ అనే ఒక్క మాట కింద మూడు బతుకులు

తెలుగులో రంగస్థల నటుడు అన్నప్పుడు కనీసం మూడు రకాల మనుషులు ఆ మాటలో ఇమిడిపోతారు.

మొదటిది కుటుంబ వృత్తి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ ప్రదర్శనతో వనారస గోవిందరావు మొదలుపెట్టిన సంప్రదాయం తర్వాత ఎన్నో నాటక సమాజాలుగా చీలి, తరతరాలుగా నడుస్తూ వచ్చింది. సురభి కుటుంబంలో పుట్టిన బిడ్డకు నటుడు కావాలా వద్దా అనే ప్రశ్న చాలాకాలం ఎదురు కాలేదు. నడక రాకముందే ఎవరి చంకలోనో రంగం మీదికి వచ్చి, కాస్త పెద్దయ్యాక లోహితాస్యుడో బాలకృష్ణుడో అయి, ఆ తర్వాత నటనతోపాటు తెర లాగడం, దీపాలు చూడడం, పరదా చిత్రించడం కూడా నేర్చుకునేవారు. మగవారే ఆడవేషాలు వేస్తున్న కాలంలోనే సురభి స్త్రీలు రంగం మీద నటించారు.

రెండోది పద్యనాటకం. ఇక్కడ నటుడికి ఆస్తి గొంతు. తిరుపతి వెంకట కవుల పాండవ నాటకాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకం, చిలకమర్తి ‘గయోపాఖ్యానం’ వంటివి ఈ రంగానికి పెట్టుబడి. కాంట్రాక్టరు ఒక్కో ఊరి నుంచి ఒక్కో పేరున్న నటుడిని పిలిపించి, ఒక రాత్రికి నాటకం కూరుస్తాడు. నటులు ఒకరినొకరు ఆ సాయంత్రమే కలుసుకున్నా ఇబ్బంది లేదు, ఎందుకంటే పద్యాలు అందరికీ కంఠతా వచ్చు.

మూడోది పరిషత్తు నాటకం. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు దీనికి పునాది. ఇందులోని నటుల్లో అత్యధికులు ఉద్యోగస్థులు: బ్యాంకు, రైల్వే, విద్యుత్తు శాఖ, రెవెన్యూ, బడి. పగలు కుర్చీలో కూర్చుని, సాయంత్రం రిహార్సల్‌కు వెళ్లి, పోటీల రోజులకు సెలవు పెట్టుకునే జీవితం వీరిది. ఈ వరస కొత్తదేమీ కాదు. బళ్లారి రాఘవ (1880–1946) న్యాయవాది. ‘శంకరాభరణం’ 1980లో విడుదలై దేశమంతటా పేరు తెచ్చేనాటికి జె.వి.సోమయాజులు డిప్యూటీ కలెక్టరు. తమ్ముడు రమణమూర్తితో కలిసి ‘కన్యాశుల్కం’ ఆడుతూ అప్పటికే ఏళ్లు గడిచాయి. కోట శ్రీనివాసరావు నాటకాలు వేసే రోజుల్లో బ్యాంకు ఉద్యోగి.

ఈ మూడింటినీ కలిపి ఒకే మాటతో పిలవడం వల్ల ‘నాటకాల మీద బతికాడు’ అనే వాక్యం కొందరి విషయంలో అక్షరాలా నిజమవుతుంది, మరికొందరి విషయంలో తలకిందులవుతుంది. పరిషత్తు నటుడు నాటకం మీద బతకడు. తన జీతంలోంచి తీసి నాటకాన్ని బతికిస్తాడు.

ఒక ప్రదర్శన అంటే ఎంత?

‘వెయ్యి ప్రదర్శనలు’ అన్న అంకెలో ఒక చిక్కుముడి దాగి ఉంది. కాంట్రాక్టు పద్యనాటకంలో ఒకే పాత్రను ఒకే నటుడు తెల్లవార్లూ మోయడు. రాయబారం సీనుకు ఒక కృష్ణుడు, పడక సీనుకు మరొక కృష్ణుడు ఉంటారు. హరిశ్చంద్ర నాటకంలో వారణాసి సీను దాకా ఒక హరిశ్చంద్రుడు, కాటి సీనుకు ఇంకొకరు. కరపత్రం మీద ‘మొదటి హరిశ్చంద్రుడు’, ‘రెండో హరిశ్చంద్రుడు’ అని పేర్లు వేరుగా వేస్తారు. కొత్తగా చూసేవారికి ఇది వింతగా తోచవచ్చు. అలవాటున్న ప్రేక్షకుడికి మాత్రం ఎవరి గొంతులో ఏ సీను పండుతుందో ముందే తెలుసు, ఆ సీను కోసమే కునుకుపాట్లు పడుతూ కూర్చుంటాడు. అందువల్ల కాటి సీను నటుడి వెయ్యి ప్రదర్శనలు అంటే వెయ్యి నాటకాలు కావు, వెయ్యి కాటి సీన్లు. అలాగని అది చిన్న పనీ కాదు. అర్ధరాత్రి దాటాక, నిద్రమత్తులో ఉన్న వందలమందిని లేపి కూర్చోబెట్టి, జాషువా పద్యాన్ని రాగం తీసి పాడి, ‘వన్స్ మోర్’ అన్న కేక వస్తే హార్మోనిస్టు వైపు ఒక్క చూపు చూసి, అదే పద్యాన్ని మరో సంగతి (స్వర విన్యాసం) జోడించి అందుకోవాలి. కథ ప్రకారం ఆ క్షణంలో ఆయన శ్మశానంలో కాటికాపరిగా ఉన్నాడన్న సంగతి ఆయనకూ తెలుసు, కేక వేసినవారికీ తెలుసు.

పరిషత్తు లెక్క దీనికి పూర్తిగా భిన్నం. నాటిక సుమారు గంట. వారాల తరబడి రిహార్సల్ చేసిన తర్వాత ఒక్కో పరిషత్తులో ఒక్కసారే ఆడతారు. ఒక నాటికకు ఇరవై ప్రదర్శనలు వస్తే అది ఆ ఏడాది బాగా ఆడిన నాటిక. కాబట్టి పరిషత్తు నటుడి 300 ప్రదర్శనల వెనక పది పదిహేను కొత్త పాత్రలు ఉండవచ్చు. పద్యనాటక నటుడి 3,000 ప్రదర్శనల వెనక మూడో నాలుగో పాత్రలు ఉండవచ్చు. ఒకరిది వెడల్పు, మరొకరిది లోతు. అంకెను మాత్రమే చూస్తే రెండోవారు పది రెట్లు గొప్పవారనిపిస్తుంది.

పదమూడు వారాల నుంచి వారానికి ఆరు రోజుల దాకా

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో మొదలైంది. తొలినాళ్లలో టీవీ నాటిక అంటే దాదాపు రంగస్థల నాటికే. అప్పటికే ఆకాశవాణిలో ఆడిషన్ ఇచ్చి బి, బి హై, ఏ అంటూ గ్రేడు సంపాదించిన నాటక కళాకారులే ముందుగా అక్కడికి వచ్చారు. 1984లో ‘హమ్ లోగ్’, 1987లో ‘రామాయణ్’ దేశాన్ని సీరియల్‌కు అలవాటు చేశాయి. వారానికి ఒక భాగం, పదమూడు భాగాలకు ఒక మంజూరు అన్న పద్ధతిలో ‘రామాయణ్’ వంటి మహా సీరియల్ కూడా 78 భాగాలతో ముగిసింది.

1995లో జెమిని, ఈటీవీ వచ్చాక కొలమానమే మారింది. సీరియల్ రోజువారీ అయింది. వారానికి ఆరు భాగాలంటే ఏడాదికి మూడు వందలకు పైగా. 2017 చివర్లో మొదలై 2023 జనవరిలో ముగిసిన ‘కార్తీక దీపం’ 1,500 భాగాలు దాటింది. 2008లో ఈటీవీలో ప్రారంభమైన ‘అభిషేకం’ 2022 దాకా నడిచి 4,000 భాగాలకు చేరింది. దూరదర్శన్ కాలంలో 100 ఎపిసోడ్లు చేసిన నటుడు అంటే ఎన్నో సీరియళ్లలో, ఎన్నో పాత్రల్లో కనిపించినవాడు. ఈనాడు 1,000 ఎపిసోడ్ల నటుడు ఒకే ఇంట్లో, ఒకే సోఫా పక్కన, ఒకే తండ్రిగా నిలబడి ఉండవచ్చు.

సెట్‌లో నటుడికి ఏం మారుతుంది?

నాట్యశాస్త్రం రాసిన భరతుడు నటనను ఆంగికం (శరీర కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం (లోపలి భావం) అని నాలుగుగా విడదీశాడు. పాత మాటలే అయినా ఈ మార్పును వివరించడానికి వీటికి మించినవి లేవు. రంగస్థలం మీద వాచికం, ఆంగికం ముందుంటాయి. చివరి వరుసలో కూర్చున్న మనిషికి కనుకొలకులో చెమ్మ కనిపించదు, భుజం కుంగడం కనిపిస్తుంది, గొంతు వణకడం వినిపిస్తుంది. కెమెరా క్లోజప్‌లోకి వచ్చినప్పుడు వరస తిరగబడుతుంది. చెయ్యి ఎత్తితే ఫ్రేమ్ దాటిపోతుంది, గొంతు పెంచితే అరిచినట్టుంటుంది, కనురెప్ప కదలికే పెద్ద సంఘటన అవుతుంది. నాటకం నుంచి వచ్చిన కొత్తవారికి సెట్‌లో మొదట వినిపించే మాట ‘తగ్గించండి’ అనేదే.

ఇంతకంటే లోతైన మార్పు కాలానికి సంబంధించింది. నాటకంలో నటుడు పాత్రను మొదటి నుంచి చివరి దాకా వరసగా జీవిస్తాడు, ముగింపు ఏమిటో ఆయనకు ముందే తెలుసు. సీరియల్‌లో ముగింపు రాసినవారికే తెలియదు. ప్రతి గురువారం వచ్చే టీఆర్పీలను బట్టి ట్రాక్ మారుతుంది. నిన్నటి దాకా మంచివాడైన మామయ్య రేపటి నుంచి కుట్రలు పన్నవచ్చు, లేదా తీర్థయాత్రకు వెళ్లి మూడు నెలలు తిరిగి రాకపోవచ్చు. పాత్రకు ఒక గతాన్ని, ఒక గమ్యాన్ని ఊహించుకుని పని చేసే అలవాటున్న నటుడికి ఇది కాళ్ల కింద చాప లాగినట్టుంటుంది.

ఒక సీను దగ్గరగా చూద్దాం. అద్దెకు తీసుకున్న బంగళాలో హాలు. పెళ్లి ఆగిపోయిన వార్త వచ్చింది, ఎనిమిది మంది నిలబడి ఉన్నారు. తండ్రి పాత్రధారికి మూడు మాటలున్నాయి. ఆ కాగితం ఆయన చేతికి వచ్చి పావుగంట కాలేదు. కెమెరా పక్కనే కూర్చున్న అసిస్టెంటు డైరెక్టరు డైలాగును ముక్కలుగా పైకి చదువుతాడు, నటుడు విని, అదే భావంతో అంటాడు. తర్వాత ఎవరి రియాక్షన్ వారిది విడివిడిగా తీస్తారు. ఆయన వంతు వచ్చేసరికి ఎదురుగా కూతురు పాత్రధారిణి ఉండదు, ఆమె మరో గదిలో చీర మార్చుకుంటూ ఉంటుంది. గోడ మీద అంటించిన ఒక గుర్తును చూసి గుండె పగలాలి. నాటకంలో వింగ్ చాటు నుంచి ప్రాంప్టర్ అందించాల్సి రావడం నటుడికి నామోషీ. ఇక్కడ అదే పని పద్ధతి. దీన్ని చూసి ‘ఇది నటన కాదు’ అనేవారున్నారు. గోడను చూసి కూతురిని ఊహించుకోగలగడం, పావుగంటలో అందిన మాటను ఇరవై ఏళ్ల బాధలా పలకగలగడం కూడా సాధనతో వచ్చేవే అన్నది నా అభిప్రాయం. కాకపోతే ఆ సాధనకు ఎక్కడా బహుమతి లేదు.

అంకెలను ఒకే కొలతలోకి మార్చి చూస్తే

ఇప్పుడు ఊహాజనితమైన ఇద్దరు నటులను తీసుకుందాం. మొదటివారు 300 సార్లు గంట నాటిక ఆడారు. రెండోవారు 1,000 ఎపిసోడ్లలో కనిపించారు.

మొదటి లెక్క తేలిక. నాటికలో ఆయనది ప్రధాన పాత్ర, రంగం మీద లేని నిమిషాలు తక్కువ. సుమారు 300 గంటలు ప్రేక్షకుల ముందు ఉన్నారనవచ్చు. రెండోది కాస్త విప్పాలి. నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చు కాబట్టి అరగంట సమయంలో కథకు మిగిలేది 24 నిమిషాలు. టైటిళ్లు, ‘జరిగిన కథ’ పోగా ఇరవై అనుకుందాం. పదిమంది ఉన్న కుటుంబ కథలో తండ్రి పాత్రకు ఒక భాగంలో సగటున నాలుగు నిమిషాలు దక్కితే, 1,000 భాగాలకు 4,000 నిమిషాలు, అంటే 67 గంటలకు కాస్త తక్కువ. ఈ లెక్కలో 300 ప్రదర్శనల నటుడు 1,000 ఎపిసోడ్ల నటుడి కంటే నాలుగు రెట్లకు పైగా నటించారు.

అయితే చూసినవారి సంఖ్య తీసుకుంటే ఫలితం తారుమారవుతుంది. ప్రదర్శనకు 400 మంది చొప్పున 300 ప్రదర్శనలకు లక్షా ఇరవై వేల మంది. ఒక మోస్తరు సీరియల్ ఒక్క రాత్రిలో అంతకు ఎన్నో రెట్ల మందికి చేరుతుంది. ఎక్కువ పని చేసింది ఒకరు, ఎక్కువమందికి తెలిసింది ఇంకొకరు. శీర్షిక రాసేవారు రెండోదాన్నే ఎంచుకుంటారు, అందులో వారి తప్పూ లేదు.

రోజు కూలీగా నటన

డబ్బు విషయంలో మూడు రంగస్థలాలకూ మూడు పద్ధతులున్నాయి. సురభి వంటి సమాజాల్లో వచ్చింది కుటుంబాల మధ్య సర్దుబాటు అవుతుంది. పద్యనాటక నటుడికి రాత్రికింత అని మాట్లాడుకుంటారు. తిరునాళ్లు, శివరాత్రి, శ్రీరామనవమి రోజుల్లో వరసగా పిలుపులుంటాయి, వానాకాలం ఖాళీ. పరిషత్తులో సమాజానికి ఇచ్చే పారితోషికం చాలాసార్లు సెట్టు, ప్రయాణ ఖర్చులకే సరిపోదు.

సీరియల్‌లో క్యారెక్టర్ ఆర్టిస్టుకు కాల్షీటు లెక్క. ఉదాహరణకు రోజుకు 5,000 రూపాయలు, నెలకు 12 రోజులు పని అనుకుంటే 60,000. ఇందులోంచి రాకపోకలు, పని చూపించిన కోఆర్డినేటరు వాటా, చాలా సందర్భాల్లో సొంతంగా కొనుక్కోవలసిన దుస్తుల ఖర్చు తీసేయాలి. కథలో పాత్ర ఊరెళితే ఆ నెల రాబడి సున్నా. అయినా రంగస్థలంతో పోలిస్తే ఇది నిలకడైన రాబడే. ఉద్యోగ విరమణ చేసిన పరిషత్తు నటులకు, వానాకాలం దాటించవలసిన పద్యనాటక నటులకు సీరియల్ ఎందుకు ఆకర్షణ అయిందో ఈ ఒక్క లెక్కలో తెలుస్తుంది.

మరి అదే సీరియల్ మళ్లీ మధ్యాహ్నం ప్రసారమైతే, ఆ తర్వాత ఓటీటీలోకి, యూట్యూబులోకి వెళితే? కాపీరైట్ చట్టంలో 1994 సవరణ ప్రదర్శకులకు ప్రత్యేక హక్కును గుర్తించింది. దాని గడువు ఇప్పుడు 50 ఏళ్లు. సీరియల్ కూడా దృశ్య రికార్డింగే కాబట్టి చట్టం దృష్టిలో సినిమాతోపాటే వస్తుంది. నటుడు రాతపూర్వకంగా ఒప్పుకున్నాక, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, నిర్మాత దాన్ని వాడుకోవడానికి అడ్డుచెప్పలేడు. అయితే 2012 సవరణ తెచ్చిన 38ఏ సెక్షన్, వాణిజ్యపరమైన వాడకంలో ప్రదర్శకుడికి రాయల్టీకి అర్హత ఉందని కూడా చెబుతుంది. రోజు కూలీతో లెక్క తీరిపోయిందన్నది నిర్మాతల వాదన. అర్హత అని చట్టమే అన్నాక కూలీ వేరు, రాయల్టీ వేరు అన్నది నటుల వాదన. గాయకులు సంఘటితమై ఈ హక్కును వసూలు దాకా తీసుకెళ్లగలిగారు. ట్రాక్‌లోంచి ఎప్పుడు తీసేస్తారో తెలియని క్యారెక్టర్ ఆర్టిస్టుకు ఆ మాట అడగడం అంత తేలిక కాదు. తిరునాళ్లలో ఎవరో ఫోన్‌తో తీసి యూట్యూబులో పెట్టి డబ్బు చేసుకునే పద్యనాటకానికీ ఈ హక్కు వర్తిస్తుంది. సొంతానికి చూసుకోవడానికి తీసుకుంటే అభ్యంతరం లేదు, జనంలోకి వదిలితే సమస్య.

టీవీ నాటకాన్ని మింగిందా, మోసిందా?

దీని మీద రెండు బలమైన వాదనలున్నాయి. మంచి నటులు సాయంత్రాలను సెట్లకు ఇచ్చేయడం వల్ల రిహార్సళ్లు కుంటుపడ్డాయని, ప్రేక్షకులు ఇంట్లోనే కూర్చుండిపోయారని ఒక పక్షం అంటుంది. ఇంతకంటే సూక్ష్మమైన ఫిర్యాదు కూడా వీరిదే: సెట్‌కు అలవాటుపడిన నటుడు తిరిగి రంగం మీదికి వస్తే గొంతు చివరి వరుసకు అందదు, రెండో అంకానికి ఊపిరి చాలదు. రెండో పక్షం, సీరియల్ డబ్బుతోనే ఎన్నో సమాజాలు నాటికలు కట్టాయని, కరపత్రం మీద సీరియల్ ముఖం ఉంటేనే ఊళ్లో జనం కదులుతున్నారని చెబుతుంది.

రెండూ నిజమే, కాకపోతే అవి వేర్వేరు నాటకాల గురించి మాట్లాడుతున్నాయి. పద్యనాటకానికి సీరియల్ పెద్దగా పోటీ కాదు. దాని ప్రేక్షకుడు రాగం కోసం వస్తాడు, అది సీరియల్‌లో దొరకదు. పరిషత్తు నాటిక మాత్రం సీరియల్ లాగే ఇంటి కథను, సాంఘిక సమస్యను తీసుకుంటుంది కాబట్టి దెబ్బ తగిలింది దానికే. సీరియల్ డబ్బు ఎక్కువగా తిరిగి వచ్చిందీ దానికే.

గొంతు ఎవరిది?

చాలా సీరియళ్లలో సెట్‌లో పలికిన మాట చివరి దాకా ఉండదు. అది డబ్బింగ్‌కు ఆనవాలుగా ఉంచుకునే పైలట్ ట్రాక్. తర్వాత స్టూడియోలో మళ్లీ చెప్పిస్తారు. ఇతర భాషల నుంచి వచ్చిన నాయికా నాయకులకు ఇది తప్పదు. కానీ తెలుగు నటుడికి కూడా, ఆ రోజు ఆయన వేరే షూటింగులో ఉంటే, డబ్బింగ్ కళాకారుడు పని పూర్తి చేస్తాడు. సమయం మిగులుతుంది కాబట్టి నిర్మాతకు మేలే, డబ్బింగ్ కళాకారులకూ అది గౌరవమైన వృత్తి.

వాచికమే ఆస్తిగా పెరిగిన నటుడి విషయంలో దీని పర్యవసానం వేరు. నాటకం రికార్డు కాదు. గ్రామఫోన్ కాలంలో ప్లేటుకు ఒక వైపు మూడు నిమిషాలే పట్టేది, అందుకే రాగం కత్తిరించి పాడేవారు. స్త్రీ పాత్రలకు పేరొందిన స్థానం నరసింహారావు సత్యభామగా ఎలా నడిచేవారో ఈ తరం తెలుసుకోవాలంటే చూసినవారు రాసిపెట్టిన మాటలే దిక్కు. సీరియల్ నటుడికి ఆ కొరత లేదు, అరవై డెబ్బై గంటల దృశ్యం భద్రంగా ఉంటుంది. మనవడు యూట్యూబు తెరిచి తాతను వెతికితే ముఖం వెంటనే దొరుకుతుంది: కళ్లు, చేతి ఊపు, కోపం వచ్చినప్పుడు కండువా సర్దుకునే తీరు. ఆ ముఖం మాట్లాడుతున్న గొంతు మాత్రం తాతది కాకపోవచ్చు. అది కావాలంటే పాత రేడియో నాటిక ఎక్కడైనా మిగిలి ఉందేమో చూడాలి, లేదా ఏదో తిరునాళ్లలో ఎవరో ఫోన్‌తో తీసిన, చేతులు వణికిన, మైకు గీ పెడుతున్న కాటి సీను వీడియో దొరకాలి.